నలభైకి దగ్గరపడ్డాక గేమ్స్ ఆడుతూ, వాటి గురించి రాయడం ఎవరికైనా కుదురుతోందా?

నాగోల్_ప్లేయర్
ఎనిమిదేళ్లుగా వీడియో గేమ్స్ మీద తెలుగులో రాస్తున్నాను. డబ్బు కోసం కాదు, ఇష్టం కొద్దీ. పెళ్లికి ముందు నెలకు మూడు నాలుగు వ్యాసాలు వచ్చేవి. పాప పుట్టాక నెలకొకటి. బాబు పుట్టాక రెండు నెలలకొకటి. ఆఖరిది పెట్టి ఇవాళ్టికి ఏడు నెలలు.

వారంలో నాకంటూ మిగిలేది నాలుగు గంటలు, అదీ పిల్లలు పడుకున్నాక. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మొదలుపెట్టాను. 2018లో వచ్చిన ఆట, నాకు ఇప్పటికి తీరింది. కథ ఒక్కటే పూర్తి చేయాలన్నా యాభై గంటలు కావాలి. మూడో చాప్టర్‌లో ఉండగా బాబుకు జ్వరం, ఆ తర్వాత ఆఫీసులో రిలీజ్, ఆ తర్వాత ఊళ్లో పెళ్లి. ఐదు వారాలకు మళ్లీ కూర్చుంటే ఏ బటన్ దేనికో గుర్తు లేదు. గుర్రం ఎక్కబోయి పక్కన నిలబడ్డ మనిషి మీద పడ్డాను. ఊరు ఊరంతా తుపాకులు తీసింది. ఆపేసి పడుకున్నాను.

ఆ పెళ్లిలోనే మా పెదమామగారు "ఇంకా ఆ ఆటలేనా అల్లుడూ" అన్నారు. ఆయన చెడుగా అనలేదు, కానీ ఆ మాట మనసులో నాటుకుంది. మా ఆవిడ మాత్రం "రాయడం మానొద్దు, రాయని వారాల్లో మీరు ఊరికే చిరాకు పడతారు" అంటుంది.

ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లు ఎప్పుడు ఆడుతున్నారు, ఎప్పుడు రాస్తున్నారు? ఆట పూర్తి చేశాకే రాస్తారా? ఇక చాలని మానేసినవాళ్లు ఉంటే అదీ చెప్పండి.

పాత_ఫ్లాపీ
రాయడం మానొద్దు. యాభై గంటల ఆటలు మానెయ్.

బోడుప్పల్_బాస్
ఫ్లాపీ గారితో ఒప్పుకోను. పెద్ద ఆటల్లో దొరికేది చిన్నవాటిలో దొరకదు. రెడ్ డెడ్‌లో మంచుకొండల్లో నడిచే మొదటి రెండు గంటలకు చాలామంది విసుక్కుంటారు. అంత నెమ్మదిగా నడిపించారు కాబట్టే, కిందికి దిగి పచ్చిక బయళ్లు కనబడగానే ప్రాణం లేచొస్తుంది. హీరో ఆర్థర్ మనకు దగ్గరవడానికి అన్ని గంటలూ కావాలి. నెలకు పది గంటలు ఆడితే ఐదు నెలలు పడుతుంది, పట్టనీ. ఏడాదికి రెండు ఆటలు, రెండు వ్యాసాలు. అంతేగానీ పూర్తి చేయకుండా మాత్రం రాయకు. సగం సినిమా చూసి రివ్యూ రాసినవాణ్ని మనం ఊరుకుంటామా?

రెండోప్లేయర్
సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది, ఆ పోలిక కుదరదు. ఆటలు సీరియల్ లాంటివి. మా అపార్ట్‌మెంట్‌లో సీరియల్ గురించి రోజూ మాట్లాడుకుంటారు, ఆఖరి ఎపిసోడ్ దాకా ఎవరూ నోరు కట్టుకుని కూర్చోరు.

బోడుప్పల్_బాస్
మాట్లాడుకోవడం వేరు, మార్కులు వేయడం వేరు అక్కా.

రెండోప్లేయర్
మార్కులు వేయమని అతన్ని ఎవరు అడిగారు?

కౌంటర్_నం_4
బాస్ చెప్పింది రివ్యూకు సరిపోతుంది. నాగోల్ అడుగుతున్నది రాయడం గురించి. నా సంగతి చెబుతాను.

నేను బ్యాంకులో పనిచేస్తాను. పదకొండేళ్ల సర్వీసులో సగం కేవైసీ కాగితాలు చూడటంతోనే గడిచింది. 'పేపర్స్, ప్లీజ్' అని 2013లో వచ్చిన ఆట ఉంది, లూకస్ పోప్ అనే ఆయన చేశాడు. మనం సరిహద్దు చెక్‌పోస్టులో ఇన్‌స్పెక్టర్. వచ్చినవాళ్ల పాస్‌పోర్టు, పర్మిట్ చూడాలి. పేరు, పుట్టిన తేదీ, ఫోటో, గడువు అన్నీ సరిపోతే ముద్ర వేయాలి. ఎంతమందిని చూస్తే అంత జీతం. ఆ జీతంలోనే ఇంటి అద్దె, తిండి, చలికి హీటర్, జబ్బు చేస్తే మందులు. తప్పు ముద్ర పడితే మొదటి రెండుసార్లు హెచ్చరిక, మూడోసారి నుంచి కోత. పొద్దున్నే కొత్త రూల్ వస్తుంది, నిన్న చెల్లిన కాగితం ఇవాళ చెల్లదు.

అందులో ఒకచోట భర్త కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి, దాటి వెళ్లిపోతాడు. వెనకే భార్య వస్తుంది, ఆమె దగ్గర పర్మిట్ లేదు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆపేశాను. అలవాటు. తర్వాత ఆట ఆపి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ వారమే మా కౌంటర్‌కు ఒక పెద్దాయన వచ్చారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌బుక్‌లో వెనక. అంతకు ముందే ఆయన్ని రెండుసార్లు తిప్పి పంపాను, రూల్ అదే. ఈసారి నేనే లేచి ఫారం నింపి, లోపలికి తీసుకెళ్లి మేనేజర్‌తో సంతకం పెట్టించాను.

ఈ రెండూ కలిపి రాశాను. అప్పటికి ఆట మూడో వంతు కూడా అవలేదు. నేను రాసినవాటిలో జనానికి గుర్తున్నది ఇప్పటికీ అదొక్కటే. కౌంటర్ల వెనక కూర్చునేవాళ్లు చాలామంది నాకు ఉత్తరాలు రాశారు, వాళ్లలో గేమ్స్ ఆడనివాళ్లే ఎక్కువ. ఆ ఆటకు ఇరవై ముగింపులు ఉన్నాయి. కొన్ని నెలల తర్వాత ఒక ముగింపు దాకా వెళ్లి, వ్యాసం కింద ఇంకో రెండు పేరాలు కలిపాను.

నాగోల్_ప్లేయర్
మా నాన్న పింఛను దగ్గర కూడా అచ్చం ఇదే జరిగింది, ఇంటిపేరు ముందా వెనకా అని. ఆ వ్యాసం మొత్తం చదవాలి, పెట్టండి.

బోడుప్పల్_బాస్
కౌంటర్ గారూ, ఇలాంటిదైతే నాకు అభ్యంతరం లేదు. ఆట మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పేటప్పుడు మాత్రం పూర్తి చేయాలి. ఆ మాట మీద ఉంటాను.

అమీర్‌పేట_కేఫ్
గుర్రం సమస్యకు నా దగ్గర మందు ఉంది.

2003లో ఒరాకిల్ కోర్సు నేర్చుకోవడానికి అమీర్‌పేట వచ్చాను, హాస్టల్లో ఉండేవాణ్ని. కింద ఇంటర్నెట్ కేఫ్, గంటకు పదిహేను రూపాయలు. అందరూ కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లు, నాకు ఐజీఐ అనే తుపాకుల ఆట పిచ్చి. పద్నాలుగు మిషన్లు, మిషన్ మధ్యలో సేవ్ అన్నది లేదు. ఇరవై నిమిషాలు పాకుతూ వెళ్లి చివర్లో ఒక్క తూటా తగిలితే మళ్లీ మొదటి నుంచి. మనం ఎక్కడున్నా సరే, గంట కాగానే కేఫ్ అన్న వచ్చి భుజం తట్టేవాడు.

అందుకని లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో రాసుకునేవాణ్ని. గేటు దగ్గర ఇద్దరు, టవర్ మీద ఒకడు, కెమెరాలు ఆపేది ఎక్కడ, అలారం మోగితే ఏ బ్యారక్‌లోంచి ఎంతమంది వస్తారు. ముందు సగం ఒరాకిల్, వెనక సగం ఐజీఐ. రూంలో మిగతా ముగ్గురూ రాత్రి అది చదివి మర్నాడు ఆడేవాళ్లు. ఆటల గురించి నేను రాసిన మొదటి రాత అదే, నా మొదటి పాఠకులు ఆ ముగ్గురే.

ఇప్పుడు నాకు నలభై అయిదు. రాత్రి గంట ఆడతాను, ఆపాక పది నిమిషాలు రాసుకుంటాను. ఎక్కడ ఆగాను, ఎటు వెళ్లాలి, ఏ బటన్ దేనికి, ఇవాళ ఏది నచ్చింది. నెల గడిచాక కూర్చున్నా ఆ కాగితం చూస్తే గుర్రం మీదికే ఎక్కుతాను. నెలాఖరుకు ఆ ముక్కలన్నీ వరసగా పెడితే సగం వ్యాసం అయిపోయి ఉంటుంది.

పాత_ఫ్లాపీ
ఆ నోట్‌బుక్ ఉందా ఇంకా?

అమీర్‌పేట_కేఫ్
రూం ఖాళీ చేసినప్పుడు పాత పేపర్లవాడికి వెళ్లిపోయింది. ఒరాకిల్ పోయినందుకు బాధ లేదు. ఐజీఐ పేజీలు చింపి దాచుకోవాల్సింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నాగోల్ గారూ, మిగతావి ఎలా ఉన్నా రాత్రి ఒంటిగంట దాకా ఆడి పొద్దున బండి నడపకండి. అలాంటివాళ్లు వచ్చేది మా వార్డుకే.

నాది వారంలో మూడు రాత్రులు డ్యూటీ. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట ఆడతాను. అందులో ఒక రోజు దాదాపు పద్నాలుగు నిమిషాలు. మంచం ఎక్కి పడుకుంటే సేవ్ అవుతుంది. రాత్రి రెండు దాటినా తిరుగుతుంటే మనిషి సొమ్మసిల్లి పడిపోతుంది, చేతిలో డబ్బూ కొంత పోతుంది. ఇంటికి పోయి పడుకోమని చెప్పే ఆట నాకు అదొక్కటే కనబడింది. దాన్ని ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగున్నరేళ్లు చేశాడు. బొమ్మలు, సంగీతం, కథ అన్నీ ఆయనవే. ఆ రోజుల్లో సినిమా హాల్లో జనాన్ని సీట్లకు పంపే చిన్న ఉద్యోగం కూడా చేసేవాడు. ఆ సంగతి తెలిశాక నా నెలకొక పేరా నాకు తక్కువ అనిపించడం మానేసింది.

నాగోల్_ప్లేయర్
నెలకొక పేరానా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
అవును. పొలంలో ఆ నెల ఏం వేశానో, డ్యూటీలో ఏం జరిగిందో. నాలుగేళ్ల నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు.

బీటెక్_థర్డ్‌ఇయర్
అన్నలూ అక్కలూ, మీరంతా పాత ఆటలే చెబుతున్నారు. 2025 సెప్టెంబరు 4న సిల్క్‌సాంగ్ వచ్చింది. 2019లో ప్రకటించి ఆరేళ్లు ఎదురుచూసేలా చేశారు, చేసింది ఆస్ట్రేలియాలో చిన్న టీమ్. కొనేవాళ్ల తాకిడికి ఆటలు అమ్మే స్టీమ్ స్టోరే కాసేపు ఆగిపోయింది. మా హాస్టల్లో తెల్లారేదాకా ఎవరూ పడుకోలేదు. మర్నాడు దాని గురించి తెలుగులో చదువుదామని వెతికితే నాకు ఒక్కటీ దొరకలేదు. మీకు టైం లేదన్నది అర్థమవుతోంది. కానీ ఇప్పుడు వస్తున్న ఆటల గురించి మాకు తెలుగులో ఎవరు రాస్తారు?

రెండోప్లేయర్
నువ్వే.

బీటెక్_థర్డ్‌ఇయర్
నాకు తెలుగు రాయడం అంత రాదక్కా. ఇంగ్లిష్ మీడియం.

లేఖిని_రోజులు
పైన రాసింది తెలుగే కదా తమ్ముడూ, చక్కగా ఉంది.

2006, 07 రోజుల్లో మేం లేఖిని తెరిచి, ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు చేసి, దాన్ని కాపీ చేసి పెట్టేవాళ్లం. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపే కూడలిలో మన టపా పైన కనబడితే ఆ రోజు పండగే. ఎవరో ఒకరు వచ్చి అచ్చుతప్పులు దిద్దేవారు, ఇంకొకరు వచ్చి గొడవ పెట్టుకునేవారు, రెండూ బాగుండేవి. 2013 జులై 1న, బ్లాగులు చదువుకునే గూగుల్ రీడర్ మూసేశారు. ఆ తర్వాత నా పాఠకులు ఎటు పోయారో నాకు తెలియదు. రాయడం ఆపలేదు. ఇప్పుడు ఫోన్లోనే తెలుగు కీబోర్డు ఉంది, నోటితో చెప్పినా రాసుకుంటుంది. నీకున్నంత సదుపాయం మాకు లేదు, నీ దగ్గర ఉన్న టైం మాకు లేదు.

పాత_ఫ్లాపీ
తమ్ముడూ, పాతవి ఎందుకు రాస్తామో చెబుతాను. నాకు మొదటి గేమ్ సెట్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్నారు. క్యాసెట్ మీద 9999 ఆటలు అని ఉండేది. నిజానికి పదో పన్నెండో. మిగతావన్నీ అవే ఆటలు, పేరు మార్చి, వేరే లెవెల్ నుంచి మొదలయ్యేవి. పని చేయకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది పెట్టేవాళ్లం. సెలవుల్లో వీధిలో ఒక ఇంట్లో సెట్ ఉంటే ఇరవై చెప్పుల జతలు బయట ఉండేవి.

మారియోను ఎవరు చేశారో, ఎన్ని అమ్ముడుపోయాయో రాయడానికి ప్రపంచం నిండా మనుషులున్నారు. ఆ గుమ్మం ముందున్న చెప్పుల గురించి రాసేవాడు ఎవడూ లేడు. మా తరం వెళ్లిపోతే ఆ సంగతులు కూడా పోతాయి. రేపు సిల్క్‌సాంగ్ వచ్చిన రాత్రి మీ హాస్టల్ ఎలా ఉందో నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారు? నాకు ఆ ఆట కంటే ఆ రాత్రి గురించి చదవాలని ఉంది.

బీటెక్_థర్డ్‌ఇయర్
రాస్తాను. లెవెల్ చివర పెద్ద విలన్‌తో జరిగే బాస్ ఫైట్‌ను తెలుగులో ఏమనాలి?

పాత_ఫ్లాపీ
బాస్ ఫైట్.

రెండోప్లేయర్
మా వీధిలో బాస్‌ని 'పెద్దోడు' అనేవాళ్లం. 'పెద్దోడి దగ్గర లైఫులన్నీ అయిపోయాయి'.

బోడుప్పల్_బాస్
మేమూ అంతే. మా తమ్ముడు ఓసారి "పెద్దోణ్ని చంపేశా" అని ఒక్క అరుపు అరిస్తే పక్కింటావిడ చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

అసలు_లెక్క
నాగోల్ డబ్బు కోసం కాదన్నాడు, మంచిదే. ఆ దారి చూసి వచ్చినవాణ్ని కాబట్టి చెబుతున్నా. 2018లో గూగుల్ ప్రకటనల యాడ్‌సెన్స్ తెలుగుకు వచ్చింది, ఆశపడి ప్రకటనలు పెట్టాను. వచ్చింది ఇంటర్నెట్ బిల్లుకు సరిపోలేదు, అది వేరే సంగతి. చీట్ కోడ్‌ల మీద రాస్తే క్లిక్‌లు వస్తాయని అవే రాయడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగి చూస్తే నాకు నచ్చిన ఆట గురించి ఒక్క వ్యాసం లేదు. ప్రకటనలు తీసేశాను.

ఇంకోసారి ఒక కంపెనీ కంట్రోలర్ ఉచితంగా పంపి, ట్రిగ్గర్ ఇరుక్కుంటోందన్న ముక్క తీసేయమంది. వస్తువు వెనక్కి పంపేశాను. 2021 నుంచి ఉన్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమాల ప్రకారం, డబ్బు తీసుకోకపోయినా వస్తువు ఉచితంగా వస్తే ఆ సంగతి చదివేవాళ్లకు చెప్పాలి. ఉద్యోగం చేసేవాళ్లు ఆఫర్ లెటర్‌లో వేరే సంపాదన గురించి ఏం రాసి ఉందో కూడా చూసుకోండి. నేను ముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అనుమతి తీసుకున్నాను, టెన్షన్ లేదు.

రెండోప్లేయర్
ఫ్లాపీ గారు మొదట్లోనే చిన్న ఆటలు అన్నారు, దాని మీద నా మాట.

2023లో వచ్చిన వెంబా గంటన్నరలో అయిపోతుంది. టొరంటోలో చేశారు. 1980ల్లో కెనడా వెళ్లిన తమిళ జంట కథ. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి మరకలు పడి ఉంటుంది. చెరిగిపోయిన చోట ఏముందో మనమే ఊహించి వండాలి. మొదటి వంటే ఇడ్లీ.

మా అమ్మ పక్కన కూర్చుని కూర ఒలుస్తోంది. నేను ఇడ్లీ ప్లేట్లు తప్పుగా పేర్చాను. అమ్మ తలెత్తి చూసి "గుంట మీద గుంట పెడతారా ఎవరైనా? కాస్త తిప్పి పెట్టు, ఆవిరి పైదాకా పోవాలి" అంది. అలాగే తిప్పాను, ఇడ్లీ వచ్చింది. అప్పటి నుంచి కూర పక్కన పెట్టి అయ్యేదాకా చూసింది. కొడుకు ఇంట్లో తమిళం మాట్లాడటం మానేస్తాడు చూడండి, అక్కడ మా అమ్మ మా అన్నయ్య పిల్లల పేర్లు తలుచుకుంది. వాళ్లు డల్లాస్‌లో ఉంటారు.

చిన్నప్పుడు నాకు ఎప్పుడూ రెండో జాయ్‌స్టిక్కే. కాంట్రా ఆటలో జలపాతం లెవెల్ గుర్తుందా? అన్నయ్య గబగబా పైకెక్కేవాడు, తెర పైకి జరిగేది, కిందున్న నేను చచ్చేదాన్ని. ముప్పై లైఫుల కోడ్ కొట్టేది మాత్రం నేనే, వాడికి చేతులు తడబడేవి. వెంబా గురించి రాస్తూ ఇదంతా రాశాను. అన్నయ్య చదివి అర్ధరాత్రి ఫోన్ చేసి "నేనంత తొందరగా ఎక్కేవాణ్నా" అని అడిగాడు. ఒక శనివారం ఆడి ఆదివారం రాసింది అది.

కౌంటర్_నం_4
అక్కా, అన్నయ్యగారికి ఏం చెప్పారు?

రెండోప్లేయర్
ఎక్కేవాడివి అనే చెప్పాను. "ఈసారి వచ్చినప్పుడు మొదటి జాయ్‌స్టిక్ నీదే" అన్నాడు.

ఉప్పల్_జంట
భార్య లేదా భర్త ఆడితే టైం సమస్య సగం తీరుతుంది. ఇట్ టేక్స్ టూ అని 2021లో వచ్చింది, ఒక్కరే ఆడటానికి కుదరదు, ఇద్దరు ఉండాల్సిందే. మా ఆవిడ అంతకు ముందు కంట్రోలర్ ముట్టుకోలేదు. మొదటి వారం కెమెరా తిప్పడం రాక ఆకాశం చూస్తూ నడిచింది. ఇప్పుడు నేను లేటుగా వస్తే తనే ఫోన్ చేస్తుంది.

నాగోల్_ప్లేయర్
మూడు రోజులుగా అన్నీ చదువుతున్నాను, కొన్ని రెండేసి సార్లు. నాగోల్‌లో మెట్రో ఎక్కితే సీటు దొరుకుతుంది, రాయదుర్గం చేరేసరికి దాదాపు గంట. ఇన్నాళ్లూ ఆ గంట రీల్స్‌కే పోయింది. నిన్నా ఇవాళా ఫోన్లో ఇది రాశాను. రెడ్ డెడ్ మానలేదు బాస్, కేఫ్ గారు చెప్పినట్టు కాగితం పెట్టుకుని నిదానంగా ఆడతాను. ఇది ప్రిన్స్ ఆఫ్ పర్షియా గురించి:

"నాన్న ఆఫీసులో ఒకటే కంప్యూటర్. శనివారం మధ్యాహ్నం నన్ను తీసుకెళ్లేవారు. ఆటలో రాకుమారిని విడిపించడానికి అరవై నిమిషాలే గడువు, నాన్న పని కూడా గంటలో అయిపోయేది. జోర్డన్ మెక్‌నర్ తన తమ్ముడు పరుగెడుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికలు ఒక్కొక్కటీ గీసి ఆ హీరోను చేశాడని పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా వాడు అంచు పట్టుకుని వేలాడుతుంటే నా వేళ్లు నొప్పి పుట్టేవని. ఒక అంకుల్ 'ప్రిన్స్ మెగాహిట్' అని టైప్ చేస్తే చీట్‌లు పనిచేస్తాయని చూపించారు. ఆ మాట మన మెగాస్టార్‌ను చూసే పెట్టారని ఆ వేసవంతా నమ్మాను.

ఎనిమిదో లెవెల్లో గేటు మూసుకుపోయింది. ఎటూ దారి లేదు. అలా నిలబడి ఉండగా చిన్న తెల్ల ఎలుక వచ్చి మీట మీదెక్కింది, గేటు తెరుచుకుంది. కుర్చీ వెనక నుంచి నాన్న 'ఎవరు పంపారు దాన్ని?' అన్నారు. రాకుమారి పంపింది అన్నాను. నాన్న ఫైలు మూసి కుర్చీ పక్కకు లాక్కున్నారు. ఆ రోజు మేం ఇంటికి వెళ్లేసరికి చీకటి పడింది."

పాత_ఫ్లాపీ
ఫైలు మూసిన చోట ఆగిపోయాను. నాన్నగారు చదివారా?

నాగోల్_ప్లేయర్
రాత్రి చదివి వినిపించాను. ఎలుక గుర్తుంది కానీ ఫైలు గుర్తు లేదన్నారు. ఆదివారం పాపకు ఆ ఆట చూపిస్తున్నాను, ఆయనా వస్తానన్నారు.

బోడుప్పల్_బాస్
బాగుంది, చాలా బాగుంది. ఇంతకీ ఆ ఆట పూర్తి చేశావా?

నాగోల్_ప్లేయర్
లేదు. పన్నెండో లెవెల్లో మన నీడే కత్తి పట్టుకుని ఎదురొస్తుంది కదా, అక్కడే ఎప్పుడూ చచ్చిపోయేవాణ్ని.

బోడుప్పల్_బాస్
దాన్ని కొట్టకూడదు. నువ్వు కొట్టిన ప్రతి దెబ్బా నీకే తగులుతుంది. కత్తి ఒరలో పెట్టి దాని ఎదురుగా నడువు, నీలో కలిసిపోతుంది. ఆదివారం అది దాటి, రెండో భాగం రాయి.

నాగోల్_ప్లేయర్
ముప్పై ఏళ్లు ఎవరూ చెప్పలేదు నాకు. సోమవారం మెట్రోలో రాస్తాను.